పదకొండు నిమిషాల ఖాళీ

మాదాపూర్,
28 మే 2025

సౌజన్య వదినకు,

నేను రజితను. టెస్టింగ్ ల్యాబ్‌లో గిరీషన్న కింద మూడేళ్ళు పనిచేశాను. అన్న దశదిన కర్మకు లింగంపల్లిలో మీ ఇంటికి వచ్చాను గానీ ఆ జనంలో మీకు గుర్తుండి ఉండను. వారం రోజులుగా మీ నంబరుకు చేస్తే స్విచాఫ్ అనే వస్తోంది. ఆఫీసు కాగితాల్లో మీ ప్రొద్దుటూరు అడ్రసు దొరికింది. ఇంజినీరింగ్ పరీక్షల తర్వాత చేత్తో ఇంత రాయడం ఇదే మొదలు, కొక్కిరిబిక్కిరి గీతలకు ఏమీ అనుకోకండి.

ఒక చిన్న సంగతి అడగాలి. అది అర్థం కావాలంటే ముందు మా పని చెప్పాలి.

మా ల్యాబ్‌లో ఒక మూల మూడు డెస్క్‌టాప్ కంప్యూటర్లు పక్కపక్కనే ఉన్నాయి. సత్తా ఇంచుమించు ఒకటే. వాటిని నడిపే మూల ప్రోగ్రాములు వేరు, ఆపరేటింగ్ సిస్టమ్ అంటాం. జనవరి రెండున మూడింటినీ ఆన్ చేశాం. ఆపకుండా, రీస్టార్ట్ చేయకుండా ఏది ఎన్ని రోజులు నిలబడుతుందో చూడటమే పరీక్ష. వాటి అసలు పేర్లు బయట చెప్పనని సంతకం పెట్టి ఉన్నాను, కాబట్టి అన్న పెట్టిన పేర్లే చెప్తాను. ప్రతి ఆఫీసులోనూ కనిపించేది ‘పెద్దోడు’. అన్ని పనులూ నెత్తిన వేసుకుంటాడు, చెప్పాపెట్టకుండా అలుగుతాడు. ఖరీదైనది ‘అల్లుడు’. మర్యాదకు లోటు రానంతసేపు హాయిగా ఉంటాడు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాసి ఊరికే ఇచ్చింది ‘ఊరుమ్మడి’. చూడ్డానికి కళ ఉండదు, పని మాత్రం చేసుకుపోతుంది.

ఖాళీగా ఉంచితే ఏ యంత్రమైనా నిలబడుతుంది. అందుకే మనిషి వాడినట్టు వాడాలి. ఒక మనిషిని ఆరు గంటలు కూర్చోబెట్టి, అతను నొక్కిన ప్రతి కీనీ, మధ్యలో ఆగిన ప్రతి క్షణాన్నీ రికార్డు చేస్తాం. ఆ రికార్డింగునే రోజూ పదకొండు నుంచి అయిదు దాకా మూడింటి మీదా నడిపిస్తాం. ఆ మనిషి గిరీషన్నే.

పెద్దోడు అరవై నాలుగో రోజున పడిపోయాడు. అల్లుడు నూట నలభై ఒకటో రోజున, అంటే పోయిన గురువారం. అందులో వింత లేదు, పడటం వాటికి మామూలే. వింతేమిటంటే రెండూ మధ్యాహ్నం మూడు నలభై దాటాకే పడ్డాయి. ఆ వేళకు రికార్డింగులో ఏమీ లేదు. పదకొండు నిమిషాలు అన్న ఒక్క కీ నొక్కలేదు, మౌసు కదపలేదు. యంత్రాలు బరువెక్కువై పడిపోతాయి వదినా. చేతిలో ఏ పనీ లేనప్పుడు పడిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

అన్నకు ఆ వేళకు ఏదైనా అలవాటు ఉండేదా? కాసేపు కళ్ళు మూసుకోవడమో, టీ తాగడమో? తెలిస్తే రాయండి.

మీ
రజిత


ప్రొద్దుటూరు,
6 జూన్

రజిత గారికి,

మీ ఉత్తరం అందింది. మూడు నలభైకి ఆయనకు ఏ అలవాటూ లేదు. టీ తాగరు. పగలు కళ్ళు మూసుకునే మనిషి కారు.

ఫోన్ బీరువాలో ఉంది, ఆన్ చేయను. ఇక్కడి స్కూల్లో అందరూ అడిగి అడిగి మానేశారు, మీరూ అడగొద్దు.

మీ ఆఫీసు వాళ్ళు ఆయన వస్తువులని ఒక అట్టపెట్టె పంపారు. క్యారియర్, స్వెట్టరు, చదువుకునే కళ్ళజోడు. ఇది మాత్రం పంపలేదు. ఆయన చేతులు మీ దగ్గరే ఉంచుకున్నారు. నేను పిల్లలకు సైన్సు చెప్పేదాన్ని, రికార్డింగు అంటే ఏమిటో నాకు తెలుసు. అయినా మీ ఉత్తరం చదివిన దగ్గర్నుంచి, సెలవుల స్పెషల్ క్లాసుల్లో పదకొండు గంటల బెల్లు కొట్టగానే, ఇప్పుడు పని మొదలుపెట్టి ఉంటారని అనిపిస్తోంది. పిల్లల ముందు చాక్‌పీసు పట్టుకుని అలాగే నిలబడిపోతున్నాను.

మూడోది ఇంకా నడుస్తోందా? నడుస్తుంటే ఆపొద్దు. ఆయన ఎలా టైపు చేస్తున్నారో రాయండి.

ఇంకొకటి. అది ఏ రోజు రికార్డు చేశారు?

సౌజన్య


మాదాపూర్,
17 జూన్

వదినా,

నన్ను గారు అనకండి. అన్న ‘ఏం పాపా’ అనేవాడు, మీరు రజితా అంటే చాలు.

నడుస్తోంది. ఈ రోజుకు నూట అరవై ఏడో రోజు. కీబోర్డు మీద ఏదీ కదలదు, స్క్రీను మీద అక్షరాలు పడుతుంటాయి, అంతే. అయినా చూస్తే మనిషి తెలుస్తాడు. రెండే రెండు చూపుడు వేళ్ళ టైపింగు, ఉన్నట్టుండి జోరు, ఉన్నట్టుండి నెమ్మది. ఒకే మాటను పదిసార్లలో ఎనిమిదిసార్లు తప్పు కొట్టి, వెనక్కి వెళ్ళి దిద్దుతాడు. పన్నెండున్నరకు ఒక పట్టిక రంగు మారుస్తాడు, నచ్చక పాత రంగే పెడతాడు. రెండు గంటలకు ప్రొద్దుటూరు బస్సుల టైములు చూస్తాడు. నేను రోజూ ఆ వేళకు అటు వెళ్ళి నిలబడి చూసి వస్తున్నాను.

మీకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. మా ఫ్లోరు ఊడ్చి తుడిచే సత్తెమ్మను, ఆ మూల కుర్చీ తీసి పక్కన పెట్టమన్నాను. ఎవరూ కూర్చోరు కదా. ఆమె తీయలేదు. “సారు పని చేస్తుండు గద బిడ్డా, లేసినంక తుడుస్త” అంది. నేను నవ్వేశాను. ఏ సారు అని అడిగితే, “ఏమో, మొఖం ఎన్నడు జూడలె. మూడున్నర దాటినంక జర పరేషాన్ల ఉంటడు. గా టైముల నేను అటు పోను” అంది. సత్తెమ్మ పనిలో చేరింది ఫిబ్రవరిలో. అన్నను ఆమె ఎరగదు.

ఇది ఇలా ఉండగా, యంత్రాలు పడిన కారణం కోసం పాత లాగ్‌లన్నీ తిరగేశాను. లాగ్ అంటే యంత్రం క్షణక్షణం తన పని తాను రాసుకునే చిట్టా. రికార్డింగులో ఖాళీ పదకొండు నిమిషాలు. జనవరిలో మూడింటి మీదా పదకొండే నడిచింది. ఫిబ్రవరిలో పన్నెండు. పెద్దోడు పడిన రోజుకు పద్నాలుగు. అల్లుడు పడిన రోజుకు పందొమ్మిది. ఊరుమ్మడి మీద నిన్న ఇరవై మూడు. అయిదింటికి ముగియాల్సిన పని అయిదూ పన్నెండుకు ముగుస్తోంది.

రికార్డింగు సాగదు వదినా. ఫోటోలో మనిషికి వయసు పెరగనట్టే. మా మేనేజరు రాకేశ్‌కు చూపిస్తే, “గడియారంల తేడా ఉంటది, లైట్ తీస్కో” అన్నాడు. రెండు రోజులు గడియారాలన్నీ సరిచూశాను. తేడా ఏమీ లేదు. మూడున్నర దాటితే, పది మంది నడుస్తూ మాట్లాడుకునే ఫ్లోరులో, నాకు ఆ మూలకు వెళ్ళాలంటే భయం పట్టుకుంది. అది మీకు కాక ఎవరికి చెప్పుకోను?

రికార్డు చేసిన తేదీ పాత రిజిస్టరులో ఉంటుంది, చూసి రాస్తాను.

రజిత


ప్రొద్దుటూరు,
27 జూన్

రజితా,

రిజిస్టరు వెతకనక్కరలేదు. తేదీ నేను చెప్తాను. నవంబరు ఇరవై, బుధవారం.

ఆ రోజు తెల్లవారుజామున ఆయనకు ఒళ్ళంతా చెమటలు పట్టాయి. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. ఆయనేమన్నారో అక్షరం పొల్లుపోకుండా నాకు గుర్తుంది. “ఈపొద్దు కాదు. నా వల్ల రజిత రికార్డింగు రెండు తూర్లు చెడిపాయ. ఈపొద్దు గూడా కాకపోతే ఆ పాపకు మాటొస్తాది.” నీ పేరు నేను మొదట విన్నది అప్పుడే. కర్మకు నువ్వు వచ్చినప్పుడు ఎవరో పేరు పెట్టి పిలిచారు, చూశాను. బాగా గుర్తుంది. పలకరించకపోవడం కావాలనే.

అయిదింటికి పని ముగించి, హైటెక్ సిటీలో ఎంఎంటీఎస్ ఎక్కి, హఫీజ్‌పేట దాటాక రైల్లో పడిపోయారు. లింగంపల్లిలో దించేసరికి ఏమీ మిగల్లేదు. మీరు రోజూ నడిపిస్తున్నది ఆయన ఆఖరి రోజు. జనవరి నుంచి రోజూ ఆయన్ని తెచ్చి అదే కుర్చీలో కూర్చోబెడుతున్నారు. తెలిసే చేస్తున్నారా?

ఆ పదకొండు నిమిషాల గురించి నీకు తెలిసింది దాచకుండా రాయి. దాచేటట్టయితే ఇంక నాకు రాయొద్దు.

సౌజన్య


మాదాపూర్,
9 జూలై

వదినా,

తెలుసు. తెలిసే చేశాను. తేదీ మీరు అడిగిన రోజే నాకు నోటికి వచ్చు, రిజిస్టరు అని అబద్ధం ఆడాను.

మా పద్ధతి ఒకటి ఉంది. ఆరు గంటల రికార్డింగు ఎక్కడా తెగకూడదు. మధ్యలో మనిషి లాగౌట్ చేసి లేస్తే అది పనికిరాదు, మొదటి నుంచి మళ్ళీ చేయాలి. మొదటిసారి అన్న ఎవరికో సాయం చేయడానికి లేచి వెళ్ళాడు. రెండోసారి ఫైర్ డ్రిల్ అని అందరినీ కిందికి పంపారు. మూడోసారి కూర్చునేటప్పుడు నేను నవ్వుతూ అన్నాను, “అన్నా, ఇగ నువ్వు చచ్చినా లేవొద్దు” అని. ఆ మాట నేనన్నాను వదినా. ఎనిమిది నెలలుగా అది నా చెవిలోనే ఉంది.

అయిదింటికి వచ్చి అయిపోయిందన్నా, లే అన్నాను. లాగౌట్ కూడా నేనే చేస్తానన్నాను. ముఖం పాలిపోయి ఉంది. ఏసీ చలి అన్నాడు. బ్యాగు నేనే అందించాను.

తర్వాత చూస్తే ఆరు గంటలు తెగకుండా ఉన్న రికార్డింగు అదొక్కటే. రాకేశ్ “ఉంది కద, అదే వాడు” అన్నాడు. అది ఏ రోజుదో అతనికి తెలియదు. చెప్పలేకపోయాను. ఫైలుకు ‘యూజర్ ఏడు’ అని పేరు పెట్టి, పేరు మార్చితే మనిషి మారతాడన్నట్టు నడిపించాను.

అల్లుడు పడిన రోజు సంగతి మీకు సగమే రాశాను. పడిపోయే ముందు దాని స్క్రీను రెండు నిమిషాలు వెనకబడి, అలాగే బిగుసుకుపోయింది. చాటింగు డబ్బాలో ఒక సగం వాక్యం మిగిలింది. మొదటి మాట నా పేరు. అప్పుడు ఆ ఫైలు మొదటిసారి తెరిచి ఒక్కో కీ చదివాను. మూడు ముప్పై ఎనిమిదికి అన్న నాకు రాశాడు: ‘రజితా, ఎడమ చెయ్యి లాగుతోంది. ఈ పూటకు ఆపేద్దామా?’ పంపలేదు. చివరి అక్షరం నుంచి ఒక్కొక్కటే చెరుపుకుంటూ వచ్చాడు. మూడు నలభైకి డబ్బా ఖాళీ అయింది. ఆ తర్వాతే పదకొండు నిమిషాలు.

రోజూ ఆ మాట రాస్తున్నాడు, రోజూ చెరిపేస్తున్నాడు. బాగా పనిచేసే యంత్రం మీద అది రెండు నిమిషాల్లో వచ్చిపోతుంది, ఎవరి కంటా పడదు. చెడిపోతున్న యంత్రమే నాకు చూపించింది.

ఆ ఖాళీ నిన్నటికి ముప్పై ఒక్క నిమిషాలు. పెద్దోడు పద్నాలుగు దాకా తట్టుకున్నాడు, అల్లుడు పందొమ్మిది దాకా. ఊరుమ్మడి ఇంకా తట్టుకుంటోంది. రెండు వందల యాభై రోజులు నిండితే గొప్ప రిపోర్టు అవుతుందని రాకేశ్ సంబరపడుతున్నాడు, సెప్టెంబరు ఎనిమిదికి నిండుతాయి. నేను మూడుసార్లు వెళ్ళి ప్లగ్గు మీద చెయ్యి వేశాను. పీకేస్తే అన్నను ఇంకోసారి పడేసినట్టే అనిపించి చెయ్యి తీసేశాను. ఊరుకుంటే అక్కడ కూర్చోబెట్టినట్టే. ఏం చేయాలో మీరే చెప్పండి. తిట్టినా సరే, రాయండి.

రజిత


ప్రొద్దుటూరు,
24 ఆగస్టు

రజితా,

నెలన్నర రాయలేదు. మొదటి వారం కోపమే. నిన్ను తిడుతూ రెండు ఉత్తరాలు రాసి చించేశాను. తర్వాత రాయలేకపోయింది వేరే కారణానికి. దాచొద్దని నిన్ను గదమాయించిన నేనే దాచాను.

ఆ పదకొండు నిమిషాలు ఆయన ఖాళీగా లేరు. నాకు ఫోన్ చేశారు. మూడు నలభై ఒకటికి, నలభై నాలుగుకు, నలభై తొమ్మిదికి. మూడుసార్లూ కట్ చేశాను. ఆ ఉదయం పోట్లాటలో, డాక్టరు దగ్గరికి పోకపోతే నాకు ఫోన్ చెయ్యొద్దని చెప్పి ఉన్నాను. అప్పుడు లింగంపల్లి స్కూల్లో పిల్లల్ని ఇళ్ళకు వదిలే వేళ. మూడోసారి మోగినప్పుడు పక్క టీచరు ఎత్తమంది. “ఉండనీ, అలిగినానని తెలియల్ల” అని నవ్వాను. నవ్వాను రజితా. అందుకే ఆ ఫోన్ బీరువాలో ఉంది. ఎక్కడ ఫోన్ మోగినా లేచి బయటికి వెళ్ళిపోతాను. ఈ సంగతి మా అమ్మకు కూడా తెలియదు, నీకే మొదట రాస్తున్నాను.

నీకు రాసి చెరిపేసుకున్నారు. నాకు చెరపకుండానే చెప్పబోయారు, నేను చెప్పనివ్వలేదు. కాబట్టి నువ్వొక్కదానివే మోయొద్దు. చచ్చినా లేవొద్దన్నది మాట వరసకు అన్న మాట. మనమందరం రోజుకు పదిసార్లు అంటాం.

ఆపొద్దని మొదట రాసింది నేనే. రోజూ పదకొండింటికి ఆయన వస్తారన్న ఆశ నాకు తియ్యగా ఉండింది. నీ ఉత్తరం చదివాక, రోజూ మూడు నలభైకి ఆయన్ని ఏం చేస్తున్నామో తెలిసింది. ఆ ఖాళీ ఎందుకు సాగుతోందో నాకు తెలుసు. నేను ఎత్తుతానేమోనని చూస్తున్నారు.

మీ ల్యాబ్‌లోకి బయటివాళ్ళను రానివ్వరని ఆయన చెప్పేవారు. రానిచ్చినా నాకు ధైర్యం చాలదు. నువ్వు ఆ కుర్చీ పక్కన నిలబడి, ఆ ఖాళీలో, ఈ కింద రాసింది పైకి చదువు. పిచ్చి అనుకుంటే అనుకో. నేనూ అనుకుంటున్నాను. ఇంట్లో ఆయన్ని నువ్వనే అనేదాన్ని, అండీ గిండీ చేర్చకు.

‘ఏమప్పా, ఎత్తినాలే. చెప్పు. చెయ్యి లాగుతాందా? నాకు కోపం లేదు. ఇంగ లెయ్. ఆ పని యాడికీ పోదు. మెల్లగా రా, స్టేషన్ కాడ నేనుంటా.’

సౌజన్య


మాదాపూర్,
9 సెప్టెంబరు

వదినా,

మీ ఉత్తరం వచ్చి వారం దాటింది. రోజూ జేబులో పెట్టుకుని ఆ మూల దాకా వెళ్ళడం, చదవకుండానే తిరిగి రావడం. ఖాళీ యాభై రెండు నిమిషాలకు చేరింది. నిన్న రెండు వందల యాభయ్యో రోజు, ఇంక వాయిదా వేయలేకపోయాను.

మూడు ముప్పై ఎనిమిదికి స్క్రీను మీద నా పేరు పడింది. వాక్యం పూర్తయింది. చెరగడం మొదలైంది. మూడు నలభైకి డబ్బా ఖాళీ. నా వెనక ఫ్లోరులో ఎవరో పుట్టినరోజు కేకు కోస్తున్నారు, చప్పట్లు వినిపిస్తున్నాయి. సత్తెమ్మ బకెట్టు కింద పెట్టి, తలుపు దగ్గరే ఆగి నన్ను చూస్తోంది. దగ్గరికి రమ్మంటే రాలేదు. “నువ్వు చెప్పు బిడ్డా, సారు ఇంటడు” అంది.

మూడు నలభై ఒకటికి ఒకసారి చదివాను. నలభై నాలుగుకు మళ్ళీ చదివాను. అన్న మీకు ఫోన్ చేసిన వేళలకే చదవాలనిపించింది. మీ యాస నాకు రాదు, నా నోట్లో అది ఎలాగో ఉంది. నలభై తొమ్మిదికి మూడోసారి చదువుతుంటే ఏడుపు వచ్చేసింది. చివర నా మాట కూడా ఒకటి చేర్చాను, మీరు కోప్పడరని. “అన్నా, లే అన్నా. మిగిలింది రేపు చేద్దాం. ఎవరు అడిగినా నేను చెప్పుకుంటా.”

రెండు నిమిషాలు ఏమీ జరగలేదు. మూడు యాభై ఒకటికి మౌసు బాణం కదిలింది. యాభై రెండు కాదు, సరిగ్గా పదకొండు నిమిషాలకే.

అక్కడి నుంచి రికార్డింగులో ఒక పెద్ద పట్టిక తెరుచుకోవాలి. తెరుచుకోలేదు. తెరిచి ఉన్న ఫైళ్ళను ఒక్కొక్కటే సేవ్ చేసి మూసేశాడు. తొందర లేదు. ఒకచోట తప్పు కొట్టి, వెనక్కి వెళ్ళి దిద్దాడు. అన్నీ మూశాక లాగౌట్ మీద నొక్కాడు. వెళ్తున్నారా అని యంత్రం అడిగింది. అవునన్నాడు. స్క్రీను మీద పాస్‌వర్డు అడిగే ఖాళీ పేజీ ఒక్కటే మిగిలింది.

ఆ రికార్డింగులో లాగౌట్ లేదు వదినా. ఆ రోజు అది చేసింది నేను, రికార్డింగు ఆపేశాక. రాత్రి ఇంటికి పోకుండా ఆ ఫైలు మూడుసార్లు మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆరు గంటలూ అలాగే ఉంది, అయిదు దాకా, ఒక్క కీ తేడా లేకుండా. దాన్ని మళ్ళీ ఎక్కడా నడపకుండా తీసేశాను. మీకు చెప్పకుండా చేసిన పని ఇదొక్కటే.

ఈ ఉదయం రిపోర్టు రాశాను. మూడు యంత్రాలకు మూడు వరుసలు, ప్రతి వరుస చివర ఎందుకు ఆగిందో రాసే గడి. పెద్దోడికీ అల్లుడికీ పడిపోయాయనే రాశాను. మూడో గడి చూసి రాకేశ్ తల పట్టుకున్నాడు. “క్రాష్ అని రాయి, క్లయింట్‌కు సమజ్ గావాలె గద” అన్నాడు. నేను మార్చలేదు. అందులో ఇలా ఉంది:

‘యంత్రం పడిపోలేదు. మనిషి పని ఆపి, లేచి వెళ్ళారు.’

రజిత